మంచం పక్కన 63 పుస్తకాలు

ప్రశ్న:

అయ్యా, నమస్కారం. మాది కావలి. నాకు 46 ఏళ్లు. నెల్లూరులో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లి వస్తాను. మా వారు రొయ్యల సాగు చేస్తారు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. మా మంచానికీ కిటికీకీ మధ్య, నేల మీద, నేను కొని చదవని పుస్తకాలు పేర్చి ఉన్నాయి. మొన్న లెక్కపెడితే 63 తేలాయి. చాలావరకు ఈ మూడేళ్లలో కొన్నవే. ఈ వానలకు గోడ చెమ్మెక్కి అడుగు వరస పుస్తకాల అట్టలు ఉబ్బాయి, వెండి రంగు పురుగులు పట్టాయి. చూసి చాలాసేపు ఏడ్చాను. ‘చదివేది లేదు, కొనేది ఆగదు’ అని మా వారు విసుక్కున్నారు. మా అమ్మాయి ఫోనులో వెతికి, దీనికి జపాను భాషలో ‘త్సుండోకు’ అని పేరుందని, అదొక రోగమని చెప్పింది. నిజమేనేమో అనిపిస్తోంది. సెలవు రోజున ఒకటి తీస్తాను, పది పేజీలు చదువుతాను, మిగతా 62 నన్నే చూస్తున్నట్టుంటుంది, మూసేస్తాను. భారతం కూడా ఆదిపర్వం నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఆపేశాను. ఇక కొనడం మానేయాలా? ఉన్నవి ఎలా పూర్తి చేయాలి? ఏదైనా గ్రంథాలయానికి ఇచ్చేస్తే మనసు తేలికపడుతుందా?

ఇంకొక్క మాట. మా నాన్నగారి పుస్తకాల బీరువా మా ఇంట్లోనే ఉంది. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, పోయి మూడేళ్లయింది. బీరువా ఇంకా తెరవలేదు. చివర్లో ఆయన చదువుతున్న నవల మాత్రం బయటే ఉంది, 118వ పేజీలో ఆయన గుర్తుగా పెట్టుకున్న మందుల చీటీ అలాగే ఉంది. నేను ఏ పుస్తకం కొన్నా ముందు ఆయనే చదివి, ‘ఇది ముందు చదువు, అది తర్వాత’ అని చెప్పేవారు.

– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి నాలుగు మాటల గురించే నాకు ఎక్కువగా చెప్పాలని ఉంది. అక్కడికి తప్పకుండా వస్తాను. ముందు తడిసిన పుస్తకాల సంగతి చూద్దాం. మనం మాట్లాడుకునేదాకా పురుగు ఆగదు.

అడుగు వరస ఇంకా అక్కడే ఉంటే ఈ రోజే తీయండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు, తడిసిన పుస్తకాలను ఒకాయన మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టి, ఆ తర్వాత గోనెసంచిలో వేసుకుని నా దగ్గరకు తెచ్చారు. అట్టలు వేయించిన అప్పడాల్లా వంకర తిరిగి ఉన్నాయి. వీపులు విడిపోయి కుట్లు బయటపడ్డాయి. వరద నీళ్లు చేసిన చెరుపు కంటే ఎండ చేసిన చెరుపే ఎక్కువగా కనిపించింది. మీరు అలా చేయకండి. నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట, పుస్తకాన్ని నిలబెట్టి పేజీలు కొద్దిగా విచ్చుకునేలా ఉంచండి. బాగా తడిగా ఉన్నచోట పది ఇరవై పేజీలకొకటి చొప్పున అచ్చులేని తెల్లకాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చండి. నునుపు కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలుంటే వాటిని అన్నిటికంటే ముందు చూడండి. అవి ఆరేటప్పుడు పేజీకి పేజీ అతుక్కుపోతుంది. ఆ తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు.

వెండి రంగు పురుగుకు కావలసింది బైండింగులోని జిగురు, అట్టకు పూసిన గంజి, వాటితో పాటు కాస్త చెమ్మ, చీకటి. మీ మంచం పక్కన ఇవన్నీ దొరికాయి. పుస్తకాలు పూర్తిగా ఆరిన తర్వాత, పురుగు పట్టినవాటిని గట్టి పాలిథీన్ కవరులో పెట్టి, లోపలి గాలి వీలైనంత తీసేసి మూతి బిగించండి. ఆ కవరును ఇంకో కవరులో పెట్టి ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. పురుగు, గుడ్లు రెండూ పోతాయి. బయటికి తీశాక వెంటనే కవరు విప్పవద్దు, ఒక రోజంతా అలాగే ఉండనివ్వండి. చల్లటి పుస్తకానికి మన సముద్రపు గాలి తగిలితే దాని మీద నీరు పడుతుంది, చేసిన పనంతా వృథా అవుతుంది. కలరా ఉండలు పడకగదిలో వద్దు, ఆ వాసన రాత్రంతా పీల్చడం మనుషులకు మంచిది కాదు. వేపాకు వేస్తే వేయండి, ఎండినప్పుడల్లా మార్చండి. అసలు మందు మాత్రం గాలి. మన తీరానికి వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ నేల మీద, గోడకు ఆనించి పుస్తకం ఉండకూడదు. చెదలు కూడా నేలలోంచి గోడ పట్టుకునే పైకి వస్తాయి. గోడకు నాలుగు వేళ్ల ఎడంగా, నేలకు జానెడు ఎత్తులో ఒక అరల స్టాండు చేయించుకోండి. పాత చెక్కతో చేయించినా చాలు.

ఇక రోగం మాట. అమ్మాయికి చెప్పండి, త్సుండోకు ఏ రోగానికీ పేరు కాదు. జపానులో మెయిజీ చక్రవర్తి కాలంలో, అంటే 1868కీ 1912కీ మధ్య, పుట్టిన మాట అది. ‘పేర్చి అలా ఉంచడం’ అనే అర్థమున్న మాట చివరి భాగాన్ని మార్చి, అక్కడ ‘చదవడం’ అనే అర్థమున్న అక్షరాన్ని కూర్చారు. పదాలతో ఆడుకునే వాళ్లు సరదాగా చేసిన కూర్పు, అంతే. అందులో నింద లేదు. ఇలాంటి కుప్పలు అన్ని దేశాల్లో, అన్ని కాలాల్లో ఉన్నాయని మాత్రం దాన్నిబట్టి తెలుస్తుంది.

మీరు ఎందుకు కొంటున్నారో నాకు తెలుసు. తెలుగు పుస్తకాలు కొనేవాళ్లందరికీ తెలుసు. మన భాషలో కథల సంపుటమో కవిత్వమో అచ్చువేస్తే ఐదు వందల ప్రతులు, మహా అయితే వెయ్యి. చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెట్టుకుంటారు. రెండో ముద్రణ దాకా వచ్చేవి తక్కువ. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక చిన్న స్టాలు మీద కనబడిన పుస్తకం మరుసటి జనవరికి ఉంటుందన్న నమ్మకం లేదు. నేను ఒకసారి విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాల మధ్య ఒక యాత్రాచరిత్ర చూసి, బస్సుకు ఆలస్యమవుతోందని, వచ్చే నెల కొందాంలే అని వదిలేసి వచ్చాను. మళ్లీ దాన్ని చూడలేదు. దాని ముదురాకుపచ్చ అట్ట మీద బండి బొమ్మ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

మీ నాన్నగారి తరానికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ఆ రోజుల్లో నెల్లూరు, కావలి వైపు చదువరులు మద్రాసు వెళ్తే పాత పుస్తకాలు దొరికే మూర్ మార్కెట్లోకి అడుగుపెట్టకుండా తిరుగు రైలు ఎక్కేవారు కాదు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయింది. మాస్కో నుంచి రాదుగ, ప్రగతి ప్రచురణల తెలుగు అనువాదాలు గట్టి అట్టలతో, చవక ధరకు వచ్చేవి. ఎప్పటికీ అలాగే వస్తూ ఉంటాయని అందరం అనుకున్నాం. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ రావడం మానేశాయి. అప్పుడు కొని దాచినవాళ్ల ఇళ్లలోనే అవి ఇప్పుడు ఉన్నాయి. వాళ్లందరూ కొన్న రోజే చదివి ఉంటారా? ఉండరు. కొందరు ఇరవై ఏళ్ల తర్వాత చదివారు, కొందరి పిల్లలు చదివారు.

కాబట్టి కొనడం మానేయవద్దు. అయితే మీ 63నూ ఒకేలా చూడకండి. తడి ఆరబెట్టేటప్పుడు ఒక్కొక్కటీ చేతిలోకి వస్తుంది కదా, అప్పుడే వేరుచేయండి. మళ్లీ దొరకని తెలుగు పుస్తకాలు ఒకవైపు. ఇవి మీ దగ్గర భద్రంగా ఉండడమే ఒక మేలు, పదేళ్లు ఆగినా వీటి విషయంలో మీ తప్పేమీ లేదు. లక్షల ప్రతులు అచ్చయి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికేవి ఇంకోవైపు. వీటిలో చాలావరకు జీవితంలో ఎదగడం ఎలా, పొద్దున్నే లేవడం ఎలా అనే రకం ఉంటాయని నా అంచనా, తప్పయితే క్షమించండి. తెల్లవారకముందే లేచి క్యారేజీలు కట్టి రైలందుకునే మనిషికి పొద్దున్నే లేవడం గురించి పుస్తకం చెప్పేదేముంది? వాటిని ఎవరికైనా ఇచ్చేయండి. ఇక ముందు అలాంటివి కావాలంటే గ్రంథాలయంలో తెచ్చుకోండి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. ఆ గ్రంథాలయం మీ డబ్బుతో నడుస్తోంది.

మీ వారి మాట మీకు నొప్పి కలిగించింది. ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. గుంటలో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా దాదాపు నాలుగు నెలలు కంటి మీద కునుకు లేని పని ఆయనది. మబ్బు పట్టిన రాత్రి కరెంటు పోయి, గుంట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే, జనరేటరు అందుకునేలోపు పెట్టుబడి మొత్తం పోవచ్చు. అంత జాగ్రత్తలో బతికే మనిషికి, డబ్బు పెట్టి కొన్నది కళ్లముందే పాడవుతుంటే చిరాకు రావడం సహజం. స్టాండు సంగతి ఆయనకే అప్పగించండి, మీకంటే గట్టిగా చేయిస్తారు. గట్టు మీది కాపలా గదిలో పెట్టుకోవడానికి ఒక చిన్న కథల పుస్తకం కూడా ఇవ్వండి. చదవమని అడగవద్దు. అక్కడ ఉండనివ్వండి.

గ్రంథాలయానికి మొత్తం ఇచ్చేయమని నేను అంటానని మీరు అనుకుని ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసినవాణ్ని కాబట్టే అలా అనను. మూటగట్టి వచ్చే పుస్తకాలను ఏం చేయాలో అక్కడి ఉద్యోగికి తోచదు. ఒక్కొక్కదాన్నీ రిజిస్టరులో ఎక్కించాలి, నంబరు వేయాలి, ముద్ర కొట్టాలి, పెట్టడానికి అర ఉండాలి. ఇప్పుడు మన ఊళ్ల పఠన మందిరాల్లో కుర్చీలన్నీ గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునే పిల్లలవే. వాళ్లు అక్కడ ప్రశాంతంగా కూర్చోగలుగుతున్నందుకు నాకు సంతోషం. కానీ మీరిచ్చిన కథల పుస్తకం వైపు తల తిప్పే తీరిక వాళ్లకు లేదు. మీ మూట ఒక మూల పడి ఉంటుంది, మీ ఇంటి చెమ్మ బదులు అక్కడి చెమ్మ పడుతుంది. ఇవ్వదలిస్తే ముందు వెళ్లి అడగండి, వాళ్లు కావాలన్నవి నాలుగో ఐదో ఇవ్వండి. పల్లెల్లో పుస్తక నిక్షిప్త కేంద్రాలు, అంటే కొన్ని పుస్తకాలు ఉంచి ఊరివాళ్లకు ఇచ్చే చిన్న కేంద్రాలు, నడుపుతున్న వాళ్లు ఎవరైనా తెలిస్తే అక్కడ ఇంకాస్త ఉపయోగపడతాయి.

1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం చేసింది, స్వతంత్రం వచ్చాక మన దేశంలో ఒక రాష్ట్రం చేసిన మొదటి గ్రంథాలయ చట్టం అదే. అప్పుడు నెల్లూరు జిల్లా ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆ చట్టం వెనక ఉన్న రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నది మూడోది. నా ఉద్యోగ జీవితమంతా ఈ మూడో సూత్రమే నన్ను వెంటాడింది. ఎందుకో చెబుతాను.

గ్రంథాలయం పుస్తకం వెనక అట్ట లోపల ఒక చీటీ అతికించి ఉండడం మీరు చూసే ఉంటారు. గళ్లు గీసిన చీటీ, ఒకదాని కింద ఒకటి ఊదారంగు సిరాతో తేదీల ముద్రలు. కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా, కొన్ని సిరా చాలక సగమే పడి ఉంటాయి. నేను ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు పుస్తకాల తనిఖీలో ఒక కథల సంపుటం చేతికి వచ్చింది. దాని చీటీలో పైన మూడే ముద్రలు. ఆ తర్వాత ఏడేళ్ల పాటు ఒక్కటీ లేదు. అట్ట మీద దుమ్ము వేలికి అంటుకుని నల్లగా వచ్చింది. మరుసటి ఏడాది తనిఖీకి అదే పుస్తకం చీటీ చూస్తే తొమ్మిది కొత్త ముద్రలు! ఆరా తీశాను. ఒక డిగ్రీ కుర్రాడు వేరే పుస్తకం కోసం వచ్చి, అది దొరకక దీన్ని పట్టుకుపోయాడు. అందులో ఒక కథ హాస్టల్లో పక్క మంచం అబ్బాయికి చెప్పాడు. ఆ అబ్బాయి ఇంకొకరికి చెప్పాడు. పుస్తకం మారలేదు, అరా మారలేదు. ‘ఇది చదువు’ అని చెప్పే ఒక మనిషి వచ్చాడు, అంతే.

ఇప్పుడు మీ చివరి మాటలు మళ్లీ చదవండి. మీరు కొన్న ప్రతి పుస్తకాన్నీ ముందు నాన్నగారు చదివేవారు. ఏది ముందో ఏది తర్వాతో ఆయన చెప్పేవారు. ఆయన పోయి మూడేళ్లు. కుప్ప పెరిగింది కూడా ఈ మూడేళ్లలోనే. మీకు తీరిక తగ్గిపోలేదమ్మా, శ్రద్ధ తగ్గిపోలేదు. మీ చదువు ఇన్నాళ్లూ ఇద్దరు మనుషుల మధ్య నడిచింది, ఇప్పుడు ఒకరు లేరు. పుస్తకాల దుకాణంలో నిలబడినప్పుడు ఇప్పటికీ ఆయన కోసం కూడా కొంటున్నారేమో. ఇంటికి తెచ్చాక దాన్ని అందుకునే చేయి ఉండదు. అప్పుడు కింద పెడతారు. మీరు ఏడ్చింది పాడైన అట్టల కోసం మాత్రమే అని నేను అనుకోను.

అందుకే ఏడాదికి ఇన్ని, నెలకు ఇన్ని అని లెక్కపెట్టుకోమని నేను చెప్పను. ఆ లెక్కలు ఇప్పటికే ఉన్న బరువుకు ఇంకో బరువు. 62 పుస్తకాలనూ కొత్త స్టాండుతో సహా ముందు గదిలోకి మార్చేయండి. పడకగదిలో ఒక్కటే ఉండాలి. రోజూ ఒకే రైలు పెట్టెలో మీతో ఎక్కే ఉద్యోగులు ఉంటారు కదా, అందులో చదివే అలవాటున్నవారు ఒక్కరైనా ఉంటారు. ఒక పుస్తకం వారి చేతిలో పెట్టి, ‘మీరు ముందు చదివి ఎలా ఉందో చెప్పండి’ అని అడగండి. మీ నాన్నగారి చోటు ఎవరికీ రాదు. కానీ బిట్రగుంట దాటుతుండగా ‘మీరిచ్చిన పుస్తకంలో ఆ ముసలమ్మ కథ ఉంది చూశారూ’ అని ఒక మనిషి మీతో మాట మొదలుపెడితే, ఆ సాయంత్రం మీరు ఫోను పక్కన పెడతారు. అమ్మాయిని ఇప్పుడే బలవంతపెట్టవద్దు, ఇంటర్ పరీక్షలు అవనివ్వండి.

భారతం సంగతికి వస్తాను. ఆదిపర్వం నుంచే ఎందుకు మొదలుపెట్టాలి? మన నెల్లూరు తిక్కన అలా చేయలేదు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. రెండు వందల ఏళ్ల తర్వాత ఇక్కడ, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మీరూ విరాటంతో మొదలుపెట్టండి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో ఉండేది. ఆలకించడానికి వచ్చిన జనంలో చాలామందికి చదువు రాదు, అయినా కీచకుడి ఘట్టం వస్తే ఎవరూ కదిలేవారు కాదు. పద్యం బరువనిపిస్తే తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యంతో వేసిన సంపుటాలు ఉన్నాయి. ముందు తాత్పర్యం చదివి, ఆ తర్వాత పద్యం పైకి చదవండి. లోపల చదివితే తిక్కన సగమే వినబడతాడు.

అయితే విరాటపర్వం కూడా రెండోది. మొదటిది బయటే ఉంది, మందుల చీటీ ఉన్న నవల.

కావలి నుంచి కందుకూరు వైపు వెళ్తే వచ్చే గుడ్లూరుకు మీరు ఎప్పుడైనా వెళ్లే ఉంటారు. ఎర్రన అక్కడివాడని అంటారు. నన్నయ వదిలిన ఆ అరణ్యపర్వం మిగతా భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో పూర్తిచేసింది ఆయనే. దాదాపు మూడు వందల ఏళ్లు తెలుగు భారతంలో ఆ ఖాళీ అలాగే ఉంది. నన్నయ చివరి పద్యాల్లో ఉన్నవి శరత్కాలపు రాత్రులు, నక్షత్రాలు, వెన్నెల. ఎర్రన అందుకున్న చోట ఉన్నది అదే శరత్కాలపు ఉదయం, ఎర్రటి సూర్యకిరణాలు. ఆయన ఆపిన రాత్రికి ఈయన తెల్లవారు చేశాడు. అంతా రాసి, నన్నయ రాసినట్టుగానే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా నేను కాసేపు పుస్తకం మూసి కూర్చుంటాను.

మీ నాన్నగారు 118వ పేజీ దగ్గర ఆగారు. మీరు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. హెడ్మాస్టరు కాబట్టి అంచుల్లో పెన్సిలు గీతలు ఉండవచ్చు, అచ్చుతప్పులు దిద్ది ఉండవచ్చు. అక్కడ నిదానించండి. రైలుకు తీసుకెళ్లవద్దు, ఈ ఒక్కటి ఇంట్లోనే, రాత్రి పడుకునే ముందు చదవండి. రోజుకు రెండు పేజీలైనా ఫరవాలేదు. 118కి వచ్చిన రోజున ఆ మందుల చీటీ తీయకండి, అక్కడే ఉండనివ్వండి. మీ గుర్తుకు మీ పాత సీజన్ టికెట్టు పెట్టుకుని 119లోకి వెళ్లండి. అక్కడి నుంచి కథ ఎటు తిరిగిందో ఆయనకు తెలియదు, మీకు తెలుస్తుంది. పూర్తయ్యాక ఆ కథ మీ అమ్మాయికి చెప్పండి. మీ వారు కూడా వింటానంటే ఇద్దరికీ చెప్పండి.

బీరువా ఆ తర్వాత. తెరవాలని మీకు అనిపించిన రోజునే తెరవండి, ఎవరి తొందరా వద్దు. పాత పత్రికల సంచికలు కనబడితే తూకానికి వేయకండి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, 1929లో దాని భవనానికి గాంధీ గారు శంకుస్థాపన చేశారు. 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. పాత పత్రికల విలువ అక్కడివాళ్లకు తెలుసు, మీ దగ్గరున్నవాటి జాబితా రాసి అడగండి. వావిళ్ళ వారి ప్రతులు ఉంటే మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నెల్లూరు సీమ నుంచి వెళ్లిన రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసులో పెట్టిన అచ్చుకూటం అది, ఆ పుస్తకాలు మీ ఇంట్లోనే ఉండాలి.

తెరిచే రోజు వాన లేకుండా చూసుకోండి. ఒక పొడిగుడ్డ, మెత్తటి బ్రష్షు, ఒక టార్చి దగ్గర పెట్టుకుని కింది అర నుంచి మొదలుపెట్టండి. మూడేళ్లు మూసి ఉన్న బీరువాలో చెమ్మ ముందు చేరేది అక్కడే.